ఏడు వంపుల బొరియకు ఇరవై నిమిషాలు

ఒక పెద్ద అడవిలో కొండవ్వ అనే అలుగు ఉండేది. వయసు పదమూడేళ్లు. ఏ బొరియలోకి వెళ్లాలన్నా ముందు తోకతో కప్పును మూడుసార్లు తట్టి, చెవి ఆనించి విని, ఆ తర్వాతే లోపల అడుగు పెట్టేది.

అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, పళ్లు లేని నోరు, గునపాల్లాంటి గోళ్లు. చీమలు తిని బతుకుతుంది. ఎవరైనా మీదికొస్తే ముడుచుకుని బంతిలా అయిపోతుంది. అలా ముడుచుకోవడం ఆడజాతికి ఉండాల్సిన లక్షణమని అడవిలో పెద్దలు తెగ మెచ్చుకునేవారు. గోళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ అడవిలో ఒక గొప్ప ఆచారం ఉంది. అక్కడ బొరియలన్నీ బహిరంగం. ఎవరు తవ్వినా ఎవరైనా ఉండొచ్చు. చెడితే ఎవరైనా బాగుచేయొచ్చు. నచ్చితే అచ్చం అలాంటిదే ఇంకోచోట తవ్వుకోవచ్చు. కాదనేవాళ్లు లేరు. అడవి మొత్తం ఈ ఆచారాన్ని తలుచుకుని గర్వపడేది. గర్వపడేవాళ్లు ఎక్కువ, తవ్వేవాళ్లు తక్కువ.

ఆ బొరియల్లోకెల్లా పెద్దది ఏడు వంపుల బొరియ. వానలు మొదలైతే సగం అడవి అందులోనే. ఎలుకలు, కుందేళ్లు, ఉడుములు, పునుగుపిల్లులు, వాటి పిల్లలు, చుట్టాలు, చుట్టాల చుట్టాలు. ఎనిమిదేళ్లుగా దాని బాగోగులు చూస్తున్నది కొండవ్వ ఒక్కతే. చూడమని ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ల కిందట ఒకనాడు కప్పు నుంచి చుక్క కారుతుంటే చూడలేక మన్ను మెత్తింది. మర్నాటి నుంచి కారిన ప్రతి చుక్కకీ ఆమెనే పిలిచారు. ఆడవాళ్లకు పదవులు సాధారణంగా ఇలాగే వస్తాయి.

కప్పు కారనన్నాళ్లూ బొరియ దానంతట అదే నిలబడి ఉందనుకునేవారు. కారితే మాత్రం కొండవ్వ గుర్తొచ్చేది.

"ఏం కొండవ్వా, నిద్రపోతున్నావా? మావాళ్లంతా తడిసి ముద్దయ్యారు!" అని ఉడుం అరిచేది.

"నేనైతే ఈ వంపు ఇలా తిప్పేవాణ్ణి కాదు," అని మగ పునుగుపిల్లి పడుకునే సలహా ఇచ్చేవాడు.

ఈ వేసవిలో కొండవ్వ తట్టి చూస్తే మూడో వంపు దగ్గర కప్పు ఖాళీ కుండలా మోగింది. పైన మన్ను వదులైపోయింది. మొదటి పెద్దవానకు కూలుతుంది. కూలితే కింద పడుకునేవాళ్లు పైకి రారు. ఒక్కతే చేయగల పని కాదు. ఇంకో ఇద్దరు తవ్వేవాళ్లు కావాలి. బొరియలో ఉన్నవాళ్లను అడిగింది. "అలాగే, అలాగే," అన్నారు. అటు తిరిగి పడుకున్నారు.

"మహాసభలో అడుగు," అంది పందికొక్కు నాగులు.

నాగులు కొండవ్వకు నేస్తం. పల్లపు నేలలో నీళ్లు నిలవకుండా తవ్వడంలో దిట్ట. దాని నోరు పెద్దదని అడవంతా అనుకునేవారు. ఉన్నమాట పైకి అనే ఆడదాని నోటికి అదే కొలత.

మహాసభంటే బహిరంగ బొరియల మహాసభ. ప్రతి వేసవి చివర మూడురోజులు జరుగుతుంది. చుట్టుపక్కల ఏడు అడవుల నుంచి తవ్వేవాళ్లు, తవ్వాలనుకునేవాళ్లు, తవ్వకం గురించి మాట్లాడేవాళ్లు వేలల్లో వస్తారు.

"నాకు ఇరవై నిమిషాలు చాలే," అంది కొండవ్వ. "మూడో వంపు సంగతి చెప్పి, నాతో వచ్చేదెవరు అని అడుగుతా. అంతమందిలో ఇద్దరు లేవరా?"

"ఎందుకు లేవరు, లేస్తారు. ముందు నిన్ను వేదిక ఎక్కనివ్వాలిగా!"

ఎవరిని ఎక్కనివ్వాలి, ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది కార్యక్రమ సంఘం తేలుస్తుంది. దానికి అధ్యక్షుడు దుప్పి శృంగధరరావుగారు. పదకొండేళ్లుగా ఆయనే. ఆయన ఇంతవరకూ ఒక్క బొరియలోనూ అడుగు పెట్టింది లేదు. కొమ్ములు పట్టవు. "బయట నిలబడ్డవాడికే బొరియ మొత్తం కనపడుతుంది," అని ఆయన సిద్ధాంతం.

ఆయన కుడిపక్కన ఎలుగుబంటి భద్రయ్యగారు. ప్రతి ఏటా ప్రారంభోపన్యాసం ఈయనదే. పోయిన ఏడు 'రేపటి బొరియ' గురించి మాట్లాడారు. అంతకుముందు ఏడు 'ఎల్లుండి బొరియ'. భవిష్యత్తు బొరియల్లో ఉన్న సుఖం ఏమిటంటే, అవి కారవు.

సంఘంలో ఒక ఆడ సభ్యురాలు కూడా ఉంది. కుందేలు సుగుణ. ఆమెను తీసుకున్నరోజు డప్పు వేయించారు. మర్నాటి నుంచి ఆకులు సర్దే పని, పట్టిక రాసే పని, సభ్యులకు రేగుపళ్లు తెచ్చే పని అప్పగించారు.

పోయిన ఏడు సభలో నాగులు లేచి, "ముప్పై ఉపన్యాసాల్లో ఇరవై ఎనిమిది మగాళ్లవే. మేం తవ్వట్లేదా?" అని అడిగింది.

"మాకు నాణ్యత ఒక్కటే కొలమానం తల్లీ," అన్నారు శృంగధరరావుగారు.

"అయితే ఈసారి పేర్లు మూసి చదవండి."

జనం చప్పట్లు కొట్టేశారు. ఇక తప్పక, ఆ ఆలోచన ఎప్పట్నుంచో తనకే ఉందని శృంగధరరావుగారు చెప్పుకున్నారు. ఈ ఏడు ఎవరు మాట్లాడాలనుకున్నా విషయాన్ని టేకాకు మీద గోటితో గీసి పంపాలి. అడుగున పేరు రాసి, ఆ అంచు మడిచి తుమ్మజిగురుతో అంటించాలి. సంఘం ఆకు చదివి ఒకటి నుంచి అయిదు దాకా కుంకుడుగింజలు వేస్తుంది. ఆ తర్వాతే మడత విప్పాలి.

నూట నలభై మూడు ఆకులు వచ్చాయి. అందులో ఒకటి కొండవ్వది.

ఆకులు చదివే రోజున సంఘం మద్దిచెట్టు కింద కూర్చుంది. అదేరోజు ఆ చెట్టు వేళ్ల మధ్య ఒక పక్కబొరియకు కొండవ్వ గాలికంత సరిచేస్తోంది. పెద్దలు ఎక్కడ సభ పెట్టినా కింద ఏదో ఒకటి సరిచేసేవాళ్లు ఉండాలి కదా. కంతలోంచి పైమాటలన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి.

"ఎవడండీ వీడు?" శృంగధరరావుగారి గొంతు. "'రేపటికి రేపటి బొరియ' అట! మొదట్నుంచి చివరిదాకా గుప్పెడు మన్ను లేదు."

"ఒక్క గింజ వేయడం కూడా దండగే," అన్నాడు ఇంకో సభ్యుడు.

భద్రయ్యగారు దగ్గారు. "మరీ అంత తీసిపారేయకండి. శైలి బాగానే ఉంది కదా."

"శైలా? ఇప్పసారా తాగి రాసినట్టుంది! ఒకటి వేయమ్మా సుగుణా, అదీ ఆకు పాడైందన్న జాలితో."

కింద కొండవ్వ నవ్వు బయటికి రాకుండా నోటికి తోక అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి మళ్లీ శృంగధరరావుగారే. "ఆహా! ఇది వినండి. 'మూడో వంపు దగ్గర తట్టితే ఖాళీ కుండలా మోగుతుంది. పైపొర వదిలింది. కింది నుంచి మెత్తితే లాభం లేదు, పక్కల నుంచి పట్టీ తవ్వి చెట్టువేళ్లతో బిగించాలి.' అబ్బ! చదువుతుంటే గోళ్లలో మట్టి చేరినట్టుంది. మగాడంటే వీడయ్యా!"

"అయిదు గింజలు."

"నావీ అయిదు."

"నావీ," అన్నారు భద్రయ్యగారు, ఈసారి దగ్గకుండా.

సాయంత్రానికి గింజల లెక్క తేలింది. సుగుణ మొదటి ముప్పై ఆకుల మడతలూ విప్పి, పేర్లు చదవడం మొదలుపెట్టింది.

"మొదటిది, మూడో వంపు గురించినది... అలుగు కొండవ్వ."

పైన ఎవరి నోట్లోంచో రేగుపండు జారి కంత దగ్గర పడింది.

"రెండోది, పందికొక్కు నాగులు. మూడోది, ముంగిస సరోజిని. నాలుగోది..."

"ఆగమ్మా, ఆగు," అన్నారు శృంగధరరావుగారు. "మొత్తం ముప్పైలో ఎందరు ఆడవాళ్లు?"

"ఇరవై ఇద్దరండీ."

"జిగురు సరిగా అంటించారా?"

"మీరే అంటించి చూశారండీ."

"సరే. ఆ చివరాఖరిది ఎవరిది?"

సుగుణ మడత విప్పింది. కాస్త ఆలస్యంగా చదివింది. "ఎలుగుబంటి భద్రయ్యగారిది."

ఈసారి అందరూ దగ్గారు.

మాట మార్చడానికి వీల్లేదు. నాణ్యతను బట్టే ఎంపికని నాలుగు దిక్కులా అప్పటికే డప్పు వేయించారు. చాలాసేపు రేగుపళ్లు నమిలే చప్పుడే వినపడింది. తర్వాత శృంగధరరావుగారు గొంతు సవరించుకున్నారు.

"ఎంపిక అలాగే ఉండనీయండి. ఎవరు మాట్లాడాలో నాణ్యత తేల్చింది. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది అనుభవం తేలుస్తుంది. పెద్ద మైదానంలో మూడురోజులూ మగవారి ఉపన్యాసాలు. తక్కువపడితే ఆ తర్వాతి ఆకుల్లోంచి తీద్దాం. ఆడవారందరినీ ఒకచోట గౌరవంగా కూర్చోబెడదాం. మూడోరోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, వెదురుపొద వెనకాల. తలా ఎనిమిది నిమిషాలు."

"అప్పుడు అందరూ కునుకు తీస్తారు కదండీ," అంది సుగుణ.

"ప్రశాంతంగా ఉంటుంది. దానికి 'మన్ను – మాతృత్వం' అని పేరు పెట్టు."

"సరోజిని ఆకు రాతినేలను తవ్వడం గురించి కదండీ?"

"రాతిలో మాత్రం మాతృత్వం ఉండకూడదా?"

"మరి మొదటి ఆకు?" ఇంకో సభ్యుడు అడిగాడు. "అన్నిటికన్నా ఎక్కువ గింజలొచ్చినదాన్ని పొద వెనక పెడితే అల్లరవుతుంది."

"అది ప్రారంభోపన్యాసమే. అంత గొప్ప విషయానికి గొప్ప గొంతు ఉండాలి. పాపం కొండవ్వ, అంతమందిని చూస్తే ముడుచుకుపోతుంది. ఆ ఆకును భద్రయ్యగారు చదువుతారు. ఆమె కూడా పొద వెనక తన అనుభూతులు పంచుకుంటుంది."

"మీరంతగా అడిగితే," అన్నారు భద్రయ్యగారు. ఎవరూ అడగలేదు.

మర్నాడు శృంగధరరావుగారు స్వయంగా ఏడు వంపుల బొరియ నోటి దగ్గరికి వచ్చి కొండవ్వను పిలిచారు. ఆమె బయటికి వచ్చింది.

"అమ్మా కొండవ్వా, శుభవార్త. నీ ఆకే మొదటి స్థానం. ప్రారంభోపన్యాసంగా పెట్టాం."

"ఎవరు చెబుతారండీ?"

"భద్రయ్యగారంతటివారు నీ మాటలు పలుకుతానన్నారు! నీ పేరు చివర్లో తలుచుకుంటారు కూడా."

"రావుగారూ, నాకు పేరు అక్కర్లేదు. మూడో వంపుకు ఇద్దరు కావాలి. నేనే అడగాలి. ఏ వేళ్లు కోయకూడదో, ఎక్కడ మొదలుపెట్టాలో అడిగితే ఆయనేం చెబుతారు?"

"అవన్నీ చిన్నచిన్న విషయాలమ్మా. పెద్ద సభలో పెద్ద విషయాలే మాట్లాడాలి. నువ్వు ఆవేశపడకు. మన ఇంటి సంగతి పదిమందిలో పెట్టుకుంటామా?"

ఆయన గొంతు పెరిగింది. కొమ్ములు కిందికి వంగాయి. కొండవ్వ ఒళ్లు తనకు తెలియకుండానే ముడుచుకుపోయింది. పొలుసుల బంతి లోపల కోపంతో గోళ్లు ఒకదాన్నొకటి గీరుకున్నాయి.

శృంగధరరావుగారు ఆ బంతిని గిట్టతో మెల్లగా తట్టారు. "ఈ అణకువే నీలో నాకు నచ్చుతుంది. అయితే ఒప్పుకున్నట్టే," అని వెళ్లిపోయారు.

కొండవ్వ విప్పుకునేసరికి ఎదురుగా నాగులు, సుగుణ ఉన్నారు.

"సభను మానేద్దాం!" అంది నాగులు. "ఇరవై ఇద్దరం పోవద్దు. ఖాళీ పొదను చూసి సిగ్గుపడతారు."

"ఖాళీ పొదను చూసి సంతోషిస్తారు," అంది సుగుణ. "నేను వాళ్లతో కూర్చుంటాగా, నాకు తెలుసు. ఇదిగో, ఇది చూడండి. పట్టిక రాయడానికి పాత పట్టికలు తిరగేస్తుంటే దొరికింది."

అది ఎప్పటిదో చెట్టుబెరడు. మహాసభ మొదలుపెట్టిన పాతకాలపు తవ్వకందార్లు గీసిన నియమం: 'వేదికెక్కి ఏ బొరియ గురించి చెబుతారో, మళ్లీ సభ దాకా ఆ బొరియ సంరక్షణ వారిదే. ఫిర్యాదులన్నీ వారికే.' తవ్వనివాళ్లు మాట్లాడకుండా ఉండటానికి పెట్టిన కట్టు. తవ్వేవాళ్లే మాట్లాడిన రోజుల్లో దాని అవసరం పడలేదు. తర్వాత భద్రయ్యగారి లాంటివాళ్లు వచ్చినా, వాళ్లు లేని బొరియల గురించే మాట్లాడటంతో నియమం వాళ్లకు తగల్లేదు.

"ఈసారి ఉన్న బొరియ గురించి చెబుతున్నాడు!" నాగులు ఎగిరి గంతేసింది. "ఎక్కనీవే! ఎక్కి, ఎనిమిదేళ్ల నీ బరువంతా నెత్తికెత్తుకోనీ."

కొండవ్వ నవ్వలేదు. "ఆయన రెండో వంపు దాటి పట్టడు నాగులూ. అది కూలితే?"

"ఎనిమిదేళ్లుగా నీ ఈ 'కూలితే' మీద తలపెట్టుకునే వాళ్లు నిద్రపోతున్నారు."

కొండవ్వ గోటితో నేల మీద ఏడు వంపులు గీసింది. తర్వాత అడిగింది. "పొద వెనక మనం ఎంతమందిమి అన్నావు సుగుణా?"

"ఇరవై ఇద్దరు."

"అందరూ తవ్వేవాళ్లేనా?"

"తవ్వడం రానివాళ్లు అన్నేసి గింజలు తెచ్చుకోలేరుగా."

మర్నాడు పొద్దున్నే కొండవ్వ ఒక్కతే వెదురుపొద దాకా నడిచి వెళ్లింది. గోటితో నేల గీకి, పిడికెడు మన్ను తీసి నలిపి, వాసన చూసి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేసింది.

మహాసభ మొదలైంది. పెద్ద మైదానం కిక్కిరిసింది. భద్రయ్యగారు కొండవ్వ ఆకును పుచ్చుకుని, దాని పైన 'ఏడు వంపుల బొరియ: నా దర్శనం' అని పేరు పెట్టుకుని వేదికెక్కారు. పావుగంట తన దర్శనం గురించి, అయిదు నిమిషాలు మూడో వంపు గురించి చెప్పారు. ఆకు అయిపోగానే ఆగిపోయారు. కొండవ్వ పేరు తలుచుకునే వేళకు కంఠం గద్గదమై, "మా అమ్మకు అంకితం," అన్నారు.

ముందు వరసలో ఒక తల్లి ఎలుక లేచింది. "అయ్యా, నా పిల్లలు పడుకునేది మూడో వంపులోనే. ఎప్పుడు బాగుచేస్తారు?"

"మంచి ప్రశ్న. దాన్ని లోతుగా పరిశీలించాల్సి ఉంది."

"లోతుగానే పడుకుంటారండీ. వానలకు ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది."

భద్రయ్యగారు అధ్యక్షులవారి వైపు చూశారు. అప్పుడే సుగుణ చెట్టుబెరడు పట్టుకుని వేదిక మీదికి వచ్చి నియమం చదివింది. ఏడు అడవుల సభ చెవులు నిక్కించి వింది. సంరక్షకుడంటే ఏదో బిరుదనుకుని భద్రయ్యగారు చేతులు జోడించారు. శృంగధరరావుగారు స్వయంగా ఆయన నుదుట బొరియమన్ను బొట్టు పెట్టారు. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగకముందే ఉడుం వచ్చింది. "సంరక్షకుడుగారూ, అయిదో వంపులో చీమలు."

"ఆరో వంపులో కుందేళ్లు జాగా ఆక్రమించారు!"

"గాలి ఆడట్లేదు!"

"గాలి ఎక్కువగా ఆడుతోంది!"

"మా పక్కన పునుగాయన వాసన భరించలేకపోతున్నాం, ఏదైనా చేయండి!"

రెండోరోజు మధ్యాహ్నానికి భద్రయ్యగారు తేనె కూడా ముట్టలేదు. "ఇదంతా ఇన్నాళ్లూ ఎవరు చూశారయ్యా?" అని తన గుహ దగ్గర వరసలో నిలబడ్డవాళ్లను అడిగారు.

"ఎవరూ చూడలేదండీ, దానంతట అదే జరిగిపోయేది," అన్నారు వాళ్లు.

మూడోరోజు భోజనాలయ్యాక వెదురుపొద వెనక 'మన్ను – మాతృత్వం' మొదలైంది. శృంగధరరావుగారు వచ్చి తీగ తెంచి, స్త్రీజాతి ఔన్నత్యం గురించి ముప్పావుగంట మాట్లాడి, సమయపాలన పాటించమని ఆడవాళ్లకు చెప్పి, కునుకు తీయడానికి వెళ్లారు. వినడానికి ఎవరూ రాలేదు. ఇరవై ఇద్దరు చెప్పేవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు.

మొదటి ఎనిమిది నిమిషాలూ కొండవ్వవి. ఆమె లేచింది.

"నేను ఇద్దరిని అడుగుదామని ఆకు రాశాను," అంది. "సంఘంవాళ్లు ఇరవై ఒక్కమందిని వెతికి, ఏరి, ఒకచోట చేర్చి ఇచ్చారు. పాత బొరియ మనది కాదిప్పుడు, దానికి వేరే సంరక్షకులున్నారు. అలాంటిదే ఇక్కడ తవ్వుకుందాం. ఇక్కడ మన్ను మెత్తన. వెదురువేళ్లు కప్పును వలలా పట్టి ఉంచుతాయి. నా నిమిషాలు అయిపోయాయి."

"నా ఉపన్యాసం ఏం గాను?" అంది ముంగిస సరోజిని. నెలరోజులుగా దానికోసం తయారవుతున్న ముఖం దానిది.

"తవ్వుతూ చెప్పు. చేతులకు పని ఉంటుంది గానీ చెవులు ఖాళీయేగా."

అలా మొదలైంది. రాతిపొర తగిలినచోట సరోజిని రాతిని ఎలా చీల్చాలో చెబుతూ చీల్చింది. పల్లం తగిలినచోట నాగులు వాలు ఎలా పెట్టాలో చెబుతూ పెట్టింది. ఏదుపంది రత్తాలు గాలికంతల గురించి చెప్పాల్సినదాన్ని అప్పటికప్పుడే ముళ్లతో పొడిచి చూపించింది. ఎనిమిది నిమిషాల హద్దు ఎవరికీ గుర్తు రాలేదు. మన్ను బయటికి ఎగిరిపడే చప్పుడుకు పెద్ద మైదానంలో కునికిపాట్లు పడుతున్నవాళ్లకు మెలకువ వచ్చింది. ఒక్కొక్కరే లేచి ఏమిటా అని చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్లలో చేతులూరుకోనివాళ్లు మన్ను మోశారు. సాయంత్రానికి పెద్ద మైదానంలో ఉపన్యాసకులే మిగిలారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం విన్నారు.

సభ ముగిశాక కూడా ఇరవై ఇద్దరూ ఇళ్లకు పోలేదు. పదకొండురోజుల్లో కొత్త బొరియ సిద్ధమైంది. ఏడు వంపులు, పాతదానిలాగే. మూడో వంపు మాత్రం పాతదానికన్నా గట్టిది. మొదట మారింది ఆ తల్లి ఎలుక, తన పిల్లలతో. ఆమెను చూసి కుందేళ్లు, కుందేళ్లను చూసి ఉడుములు. పునుగాయన అందరికన్నా ఆఖరున వచ్చి, "నేనైతే ఈ వంపు ఇలా..." అని మొదలుపెట్టాడు.

"పార అక్కడుంది నాయనా," అంది నాగులు, కాలితో మన్ను ఎత్తే దొప్పను చూపించి. ఆయన నోరు మూసుకున్నాడు.

పాత బొరియలో ఇక ఎవరూ లేరు గానీ, సంరక్షకుడు కప్పు చూడకపోతే ఎలా అని అడవి బుగ్గలు నొక్కుకుంటోంది. పరువు కోసం భద్రయ్యగారు సభ ముగిసిన పదిహేనోరోజున లోపలికి దూరారు. మొదటి వంపు దాటారు. రెండో వంపులో ఇరుక్కున్నారు. ముందుకు పోలేరు, వెనక్కు రాలేరు. మొదటి వంపు దగ్గర్నుంచి చూస్తే కనపడేది వెనకభాగం మాత్రమే. కేకలు విని శృంగధరరావుగారు పరుగెత్తుకొచ్చారు. పదకొండేళ్ల అధ్యక్షతలో మొదటిసారి ఒక బొరియలో తలపెట్టారు. కొమ్ములు నోటి దగ్గర బిగుసుకున్నాయి.

మబ్బు పట్టింది. సంఘం సభ్యుడొకడు రొప్పుకుంటూ వెదురుపొద దగ్గరికి వచ్చాడు.

"కొండవ్వా! నీ బొరియలో ఇద్దరు చిక్కుకున్నారు, తొందరగా రా!"

"నా బొరియ కాదే బాబూ. సంరక్షకుడుగారు లోపలే ఉన్నారుగా, ఆయన్నే అడగండి."

"ఆయనే చిక్కుకుంది!"

"అయితే అధ్యక్షులవారికి చెప్పండి."

"వారూ చిక్కుకున్నారు!"

"మరి ఉపసంఘం?" అంది నాగులు.

నవ్వులు ఆగాక కొండవ్వ లేచి వెళ్లింది. వెళ్లకుండా ఉండలేకపోవడం ఆమె జబ్బు, అది అంత తొందరగా నయమయ్యేది కాదు. ముందు కొమ్ముల చుట్టూ మన్ను తవ్వి శృంగధరరావుగారిని వదిలించింది. తర్వాత పక్క నుంచి పట్టీ తవ్వి భద్రయ్యగారిని వెనక్కి లాగింది. అరగంట పట్టింది. వాళ్లు బయటపడిన కాసేపటికే వాన దంచికొట్టింది. తెల్లారేసరికి మూడో వంపు కూలింది. దానితో పాటే నాలుగోది, అయిదోది. లోపల ఎవరూ లేరు.

వానలు వెలిశాక సంఘం తన వార్షిక నివేదిక చదివింది. 'మహిళలకు ప్రత్యేక వేదిక ఏర్పాటు చేసిన అధ్యక్షులవారి దూరదృష్టి ఫలితంగా వెదురుపొద బొరియ నిర్మాణం జరిగింది' అని అందులో ఉంది. భద్రయ్యగారు మళ్లీ భవిష్యత్తులోకి వెళ్లిపోయారు. వచ్చే ఏటి ఉపన్యాసానికి ఆయన ఎంచుకున్న బొరియ ఈ అడవిలోనే లేదు, ఈ నేల మీద కూడా లేదు, చంద్రుడి మీద ఉంది.

శృంగధరరావుగారు కొండవ్వ దగ్గరికి కబురంపారు. "ఈసారి ప్రారంభోపన్యాసం నువ్వే ఇవ్వాలి. విషయం: ఆడవాళ్లు – ఆత్మవిశ్వాసం."

"బొరియల గురించి కాదా?" అని అడిగి పంపింది కొండవ్వ.

"అది పెద్ద విషయం కదమ్మా," అని జవాబొచ్చింది.

కొండవ్వ వెళ్లలేదు. ఆ మరుసటి ఏడు ఆమె కారే కప్పులు మెత్తడం నేర్పే బడి పెట్టింది. అందులో మగపిల్లల్ని మాత్రమే చేర్చుకుంది. ఆడపిల్లలకు ఆ పని ఎలాగూ అడక్కుండానే అంటగడతారుగా.

నీతి: ఆడవాళ్లందరినీ ఒక మూలకు నెట్టదలచిన పెద్దలు, ఆ మూల రాతినేల అవునో కాదో ముందుగా చూసుకొనవలెను; అయినా రాతిని చీల్చే ముంగిస ఉన్నచోట అదీ పనిచేయదు.